కూరలక్క లాప్‌టాప్ కొన్నది

మన సాయంత్రం కేంద్రంలో చదువు నేర్చుకున్న వాళ్లలో ఒక అక్క ఉంది. పొద్దున్నే ఊళ్లో కూరగాయలు అమ్ముతుంది. అందరూ కూరలక్క అంటారు. నేనూ అట్లనే పిలుస్తాను.

2025 జూన్‌లో ఆమె పెద్దబిడ్డకు భువనగిరిలో డిగ్రీ సీటు వచ్చింది. బీకాం కంప్యూటర్లు. కాలేజీకి పోయిన వారానికే ఆ పిల్ల, "లాప్‌టాప్ కావాలమ్మా" అంది.

ఆ రోజు రాత్రి కూరలక్క కేంద్రానికి వాచకం తేలేదు. సంఘం పుస్తకం తెచ్చింది.

"టీచరమ్మా, సంఘంల 30 వేలు అప్పు ఇస్తమన్నరు. నేను ఒక్కసారే కొనగల్గుత. మళ్లొకసారి కొనే తాకత్ నాకు లేదు. ఎట్ల చూసి కొనాలె?"

ఆమె అడిగింది సరైన మనిషినే. ఎందుకంటే, నేను ఒకసారి మోసపోయాను.

డి.ఎడ్. చదివేటప్పుడు నేనూ ఒక లాప్‌టాప్ కొన్నాను. ఫోనులో పండుగ అమ్మకం చూసి, ధర ఒక్కటే చూసి కొన్నాను. కొత్తది. తెల్లగా, పలచగా, చూడముచ్చటగా ఉంది. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత "లోపల జాగా నిండింది" అని రోజూ చెప్పడం మొదలుపెట్టింది. పాఠాలు తీసేశాను, ఫోటోలు తీసేశాను. అయినా అదే మాట. బాగుచేసే దుకాణానికి తీసుకెళ్తే, విప్పి చూసి, "మేడం, ఇందులో ఏదీ మార్చరాదు. అన్నీ పలకకు అతికించే ఉన్నాయి" అన్నాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో బీరువా మీద ఉంది. దాని అప్పు మాత్రం మా నాన్న ఏడాది కట్టాడు.

అందుకే కూరలక్కకు మొదట ఒక్క మాట చెప్పాను. "అక్కా, మన దగ్గర ఉన్న డబ్బుకు అన్నీ రావు. ఏదో ఒకటి వదులుకోవాలి. తర్వాత మార్చుకోగలిగేదాన్ని వదులుకుందాం. తర్వాత మార్చుకోలేనిదాన్ని వదలొద్దు."

"గది చెప్పు మరి. ఏది మారుతది, ఏది మారది?"

పట్టా, గది, చెయ్యి

లాప్‌టాప్ లోపల ఏముంటుందో తెలియాలంటే ఇంజనీరు కానక్కరలేదు. కూరలక్క అంగడి తెలిస్తే చాలు.

కూరలక్క అంగట్లో నేల మీద పట్టా పరుస్తుంది. ఆ పట్టా మీద ఎన్ని కూరలు పడితే అన్నే అమ్మకానికి ఉన్నట్టు. పట్టా చిన్నదైతే టమాటాలు తీసి వంకాయలు పెట్టాలి, వంకాయలు తీసి బెండకాయలు పెట్టాలి. బేరానికి వచ్చినవాళ్లు నిలబడాలి. లాప్‌టాప్‌లో ఈ పట్టా పేరు ర్యామ్. దాన్ని జీబీల్లో కొలుస్తారు. 4 జీబీ అంటే చిన్న పట్టా. 8 జీబీ అంటే పని జరిగే పట్టా. విండోస్ 11 నడవడానికి కనీసం 4 జీబీ కావాలని దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ చెప్తుంది. కనీసం అంటే లేచి నిలబడడానికి సరిపోయేది. పరుగెత్తడానికి కాదు.

మిగిలిన కూరలు ఇంట్లో గదిలో ఉంటాయి. అది దాచుకునే జాగా. దాన్ని కూడా జీబీల్లోనే కొలుస్తారు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. "64 జీబీ ఉందమ్మా" అని అమ్మేవాడు అంటే చాలా ఉందనుకుంటాం. అది పట్టా సంగతి కాదు, గది సంగతి. గదికి 64 చాలా తక్కువ. విండోసే అందులో పెద్ద భాగం తినేస్తుంది. నా లాప్‌టాప్‌కు వచ్చిన రోగం అదే. గదికి 256 అయినా ఉండాలి.

గదిలో కూడా రకాలున్నాయి. పాత రకం హార్డ్ డిస్క్. లోపల చక్రం తిరుగుతుంది. గోనె సంచిలో అడుగున ఉన్న అల్లం ముక్కను వెతికినట్టు వెతుకుతుంది. కొత్త రకం ఎస్‌ఎస్‌డీ. అరలో సర్దిన సరుకు తీసినట్టు వెంటనే తీస్తుంది. పాత లాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేస్తే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. మూడోది ఈఎంఎంసీ. చవక లాప్‌టాప్‌లలో ఉంటుంది. పలకకు అతికించి ఉంటుంది. మార్చడం కుదరదు.

ఇక పనిచేసే చెయ్యి. అదే ప్రాసెసర్. తూకం వేసి, డబ్బు తీసుకొని, చిల్లర ఇచ్చే చెయ్యి ఎంత వేగమో అంగడి అంత వేగం. లాప్‌టాప్‌లలో ఈ చెయ్యిని మార్చడం దాదాపు కుదరదు. కాబట్టి మొదటే మంచిది చూసుకోవాలి.

మారేవి ఏమిటి? బ్యాటరీ మారుతుంది. ఎస్‌ఎస్‌డీ మారుతుంది. ర్యామ్ కొన్నిటిలో పెంచుకోవచ్చు, కొన్నిటిలో పెంచుకోలేం. ఖాళీ స్లాట్ ఉందా అని అడిగి తీరాలి. ఉచితంగా ఇచ్చే సంచి, మౌస్ చూసి మాత్రం మురిసిపోవద్దు. అవి అంగట్లో విడిగా దొరుకుతాయి.

గీత తర్వాత అంకె

లాప్‌టాప్ మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు. కూరలక్క తెలుగే నేర్చుకుంది. "నాకేం సమజైతది?" అంది.

"అంకెలు వస్తాయి కదా అక్కా! అంకెలు ఏ భాషలో అయినా ఒకటే."

ఐ3, ఐ5 అని రాసి ఉంటుంది. ఐ5 అంటే ఐ3 కంటే పెద్దదని అమ్మేవాళ్లు చెప్తారు. అది సగం నిజం. రెండో సగం గీత తర్వాత ఉంటుంది. ఐ5-8350 అని ఉందనుకోండి. గీత తర్వాత 8 ఉంది. అంటే 8వ తరం. ఐ3-1215 అని ఉందనుకోండి. గీత తర్వాత 1తో మొదలైతే మొదటి రెండు అంకెలు కలిపి చదవాలి. అంటే 12వ తరం. తాత ఐ5 కంటే మనవడు ఐ3 చురుకుగా ఉండొచ్చు. (ఈ లెక్క ఇంటెల్ కంపెనీ ఐ3, ఐ5లకే. రైజెన్ అని వేరే రకం ఉంది. కోర్ 3, కోర్ 5 అని కొత్త పేర్లూ వచ్చాయి. వాటి అంకెలు చదివే తీరు వేరు.)

ఈ తరం లెక్క ఎందుకంటే, విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం గానీ, ఆపై తరం గానీ ఉండాలి. అంతకు ముందుది విండోస్ 10. దానికి కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. తలుపుకు గొళ్లెం ఊడితే బాగుచేసేవాళ్లు లేనట్టు.

కూరలక్క పలక మీద 8 రాసుకుంది. దాని చుట్టూ సున్న చుట్టింది.

ఇంట్లో పంచాయితీ

కూరలక్క పెనిమిటికి ఇదంతా నచ్చలేదు. "ఫోన్‌ల అన్నీ వస్తయి గదా. ఇంకో పెట్టె ఎందుకు? కరెంటు బిల్లెంత అయితది?" అన్నాడు.

కరెంటు సంగతి చెప్పడం తేలిక. మామూలు లాప్‌టాప్ చార్జరు 65 వాట్లు. అది పూర్తి జోరున లాగినా ఒక యూనిట్ ఖర్చు కావడానికి 15 గంటలు పడుతుంది. ఫోను సంగతి మాత్రం ఆలోచించవలసిందే. వీడియో పాఠం వినడానికి ఫోను చాలు. కానీ ఆ పిల్ల చదివేది లెక్కలు రాసే చదువు. టాలీ, ఎక్సెల్ నేర్చుకోవాలి. అరచేతంత తెర మీద చిట్టా ఎవరు రాస్తారు? వారంలో కాలేజీ ల్యాబులో ఆమెకు దొరికేది రెండు గంటలు. ఆ టాలీ కోసమే క్రోమ్‌బుక్ అనే చవక రకాన్ని కూడా పక్కన పెట్టాం. టాలీ విండోస్ మీద నడిచేది.

సికింద్రాబాద్‌లో

ఆదివారం పోతే కొన్ని దుకాణాలు మూసి ఉంటాయని శనివారం పోయాం. భువనగిరిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అంతస్తు అంతస్తుకూ కంప్యూటర్ దుకాణాలే. కొత్తవీ ఉంటాయి, వాడినవి బాగుచేసి అమ్మేవీ ఉంటాయి. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు ఇట్లాంటి దుకాణాలకు వస్తాయి.

ఆ రోజు మేము నాలుగు చూశాం. ధరలు ఆ రోజువే. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. మీరు పోయే రోజు మళ్లీ అడగండి.

మొదటిది కొత్తది, 19,500. బిడ్డకు నచ్చింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ. నా బీరువా మీద ఉన్నదానికి చెల్లెలు. నేను తల అడ్డంగా ఊపాను.

రెండోది వాడినది, 13,500. దుకాణం పిల్లవాడు, "ఐ5 అమ్మా! ఇంత తక్కువకు ఐ5 ఎక్కడా రాదు" అన్నాడు. అతను బిడ్డ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. కూరలక్క లాప్‌టాప్‌ను వెనక్కి తిప్పి చీటీ చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. 6, 3, 0, 0.

"గీత తర్వాత 6 ఉన్నది బిడ్డా. మనకు 8 కావాలె."

పిల్లవాడు ఇంకేమీ అనలేదు. లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు.

అది మూడోది. వాడినదే. ఐ5-8350, 8 జీబీ ర్యామ్, ఇంకో స్లాట్ ఖాళీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 21,500. ఆరు నెలల గ్యారంటీ. నల్లగా, మొరటుగా ఉంది. మూల మీద గీతలున్నాయి. బిడ్డ ముఖం చిన్నబోయింది.

నాలుగోది కొత్తది. ఐ3-1215, 8 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఏడాది గ్యారంటీ. రొక్కానికి 35,000. కిస్తీలకైతే నెలకు 3,083 చొప్పున 12 నెలలు, "వడ్డీ లేదు" అన్నారు. 3,083ను 12తో గుణిస్తే 36,996. రొక్కం ధర కంటే 1,996 ఎక్కువ. పేరు మారింది గాని అది వడ్డీయే. సున్నా వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

బల్ల మీద లెక్క

నేను నాలుగోది కొనమన్నాను. గ్యారంటీ ఎక్కువ, కొత్తది, తరం కొత్తది. సంఘం 30 వేలు ఇస్తుంది. 5 వేలే కదా తక్కువ.

"ఆ 5 వేలు ఎవరిస్తరు?" అంది కూరలక్క.

ఊళ్లో ఇచ్చేవాళ్లున్నారు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. అసలు ఒకేసారి కట్టాలి.

హోటల్లో చాయ్ తాగుతూ లెక్క వేశాం. పెన్ను కూరలక్క చేతిలోనే ఉంది.

సంఘం వడ్డీ నూటికి నెలకు 1 రూపాయి. 30,000 అప్పును 20 నెలల్లో తీర్చాలంటే నెలకు అసలు 1,500. మొదటి నెల వడ్డీ 300. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. రెండో నెల 285. ఆఖరి నెల 15. అన్నీ కూడితే 3,150.

బయటి అప్పు 5,000. నెలకు వడ్డీ 150. అసలు తీరేదాకా అది తగ్గదు. 20 నెలలకు 3,000.

కూరలక్క పెన్ను ఆపింది. "30 వేలకు 3,150. 5 వేలకు 3,000. ఇదేం లెక్క టీచరమ్మా?"

లెక్క తప్పు కాలేదు. నేనే దాన్ని ముందు వేసి చూడలేదు. 35,000 లాప్‌టాప్ ఆమెకు 41,150కి పడుతుంది.

మూడోదానికి లెక్క వేసింది. 21,500, బ్యాటరీ కోసం విడిగా 2,500. మొత్తం అప్పు 24,000. నెలకు అసలు 1,200, మొదటి నెల వడ్డీ 240. వడ్డీ అంతా కలిపి 2,520. మొత్తం 26,520. రెండింటికీ తేడా 14,630.

అయినా నేను ఒప్పుకోలేదు. "అక్కా, గ్యారంటీ ఆరు నెలలే. అప్పు 20 నెలలు. ఏడో నెలలో పాడైతే పెట్టె ఉండదు, కిస్తీ ఉంటుంది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "కొత్తదాని గ్యారంటీ 12 నెలలే గదా. అప్పు దానికీ 20 నెలలే. భయం రెంటికీ ఉన్నది. అసుంటప్పుడు చిన్న అప్పు భయం నయం."

బిడ్డ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తోటి పిల్లల దగ్గర వెండి రంగువి ఉన్నాయట. ఆ పిల్లది తప్పని నేను అనను. పద్దెనిమిదేళ్ల వయసు.

పాలు పిండి చూసినట్టు

వాడినది కొనడం బర్రెను కొనడం లాంటిదే. పళ్లు చూడాలి, పాలు పిండి చూడాలి. మేము దుకాణంలో గంటసేపు కూర్చున్నాం. బిడ్డ ఖాళీ కాగితం తెరిచి ప్రతి మీటా ఒక్కసారి నొక్కింది. తెర నిండా తెలుపు పెట్టించి మచ్చలున్నాయా అని చూశాం. తెరను పదిసార్లు మూసి తెరిచాం. కీళ్లు వదులైతే అక్కడే తెలుస్తుంది. వైఫై కలిపాం, పాట పెట్టాం, కెమెరా చూశాం. కెమెరా మసకగానే ఉంది. దాన్ని వదులుకున్నాం.

బ్యాటరీకి కూడా చీటీ ఉంటుంది. కంప్యూటర్‌నే అడిగితే ఇస్తుంది. బ్యాటరీ రిపోర్ట్ అంటారు. దుకాణం వాళ్లకు దాన్ని తెరవడం తెలుసు. అందులో రెండు అంకెలు చూడాలి: తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది. మాదానికి 60,000, 42,000 అని వచ్చింది. అంటే నూటికి 70 వంతులు మిగిలింది. మా ఊళ్లో కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ తక్కువైతే కష్టమే. కానీ అది మారే వస్తువు. అందుకే ఆ 2,500 పక్కన పెట్టింది.

గ్యారంటీ రాయమంటే దుకాణం ఆయన కార్డు వెనక రాసి ఇచ్చాడు. "బిల్లు మీద రాయండి సార్" అంది కూరలక్క. లాప్‌టాప్ నంబరు, ఆరు నెలలు, ఏమేం పాడైతే బాగుచేస్తారు, విండోస్ అసలుదే అన్న మాట, తేదీ, సంతకం. అన్నీ రాయించింది. బిల్లు లేకపోతే రేపు మన మాటకు సాక్ష్యం లేదు. బిల్లు ఉంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ ఫోను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ధర 5 లక్షల లోపు అయితే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు.

ఇప్పుడు ఎట్లా ఉంది

జనవరిలో బ్యాటరీ గంటన్నరకే ఆగిపోవడం మొదలైంది. మార్పించారు. 2,600 అయింది. 100 రూపాయలు తక్కువ పడితే ఆ పూట కొత్తిమీర అమ్మిన డబ్బు కలిపింది. మిగతా అంతా నడుస్తోంది. ఎండలో కూర్చుంటే తెర సరిగ్గా కనిపించదు. బరువుగా ఉంటుందని బిడ్డ ఇంకా సణుగుతుంది.

సంఘం 35 వేలు ఇచ్చి ఉంటే నేను ఈ రోజుకూ కొత్తదే కొనమంటాను. బిడ్డ చదివేది బొమ్మలు కదిలించే పనో, వీడియోలు కత్తిరించే పనో అయితే ఈ పెట్టె చాలేది కాదు.

సాయంత్రం పూట కూరలక్క అంగడి లెక్క చెప్తుంది. బిడ్డ ఎక్సెల్‌లో కొడుతుంది. ఒకరోజు టమాటా వరుసలో మొత్తం తప్పు వచ్చింది. "పెట్టెది తప్పు" అంది బిడ్డ. కూరలక్క తన నోటుపుస్తకం తీసి చూపించింది. బిడ్డ 40 బదులు 400 కొట్టింది.

మీరే చెప్పండి

కింది మూడు చీటీలు చదవండి. కేంద్రంలో నలుగురూ కూర్చొని మాట్లాడండి.

చీటీ 1: వాడినది. ఐ5-7300. ర్యామ్ 16 జీబీ. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. గ్యారంటీ 1 నెల. ధర 16,000.

చీటీ 2: వాడినది. ఐ3-1115. ర్యామ్ 4 జీబీ, ఒక స్లాట్ ఖాళీ. ఎస్‌ఎస్‌డీ 256 జీబీ. గ్యారంటీ 6 నెలలు. ధర 18,000.

చీటీ 3: కొత్తది. ర్యామ్ 4 జీబీ, స్లాట్ లేదు. ఈఎంఎంసీ 128 జీబీ. గ్యారంటీ 1 సంవత్సరం. ధర 20,000.

ఒక్కొక్కటి ఏ తరం? ఏ చీటీలో తరం చెప్పే అంకె అసలు లేదు? 4 జీబీ ఉన్న రెండింటిలో దేన్ని తర్వాత బాగుచేసుకోవచ్చు?

18,000 అప్పును నూటికి 1 రూపాయి వడ్డీ మీద 18 నెలల్లో తీర్చాలంటే మొదటి నెల ఎంత కట్టాలి? ఆఖరి నెల ఎంత కట్టాలి? వడ్డీ మొత్తం ఎంత?